అనిమే మేళాకు ముఖ్య అతిథి

వరంగల్లులో మొదలైన ప్రతి వేడుకా ఏదో ఒకనాటికి సభగా మారి తీరుతుంది. పుట్టినరోజులు మారాయి, క్రికెట్ పోటీలు మారాయి, రక్తదాన శిబిరాల్లో రక్తం ఇచ్చేవాళ్లకంటే ఉపన్యాసం ఇచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. కాబట్టి అనిమే మేళా కూడా మారినందుకు ఎవరినీ తప్పుపట్టనక్కర్లేదు. (ఈ వ్యాసకర్త అసలు తప్పుపట్టడు. ఒకసారి ఆయనకూ అక్కడ శాలువా దక్కింది.)

అనిమే అంటే జపాను వాళ్ల బొమ్మల సినిమాలు. వాటికోసం పడిచచ్చే పిల్లలు మన ఊళ్లోనూ ఉన్నారని అభిషేక్ అనే ఇంజనీరింగ్ కుర్రాడు కనిపెట్టి, హన్మకొండలో ఒక ఫంక్షన్ హాలు భోజనాల గదిలో మొదటి మేళా పెట్టాడు. పైన పెళ్లి, కింద మేళా. రంగురంగుల విగ్గుల పిల్లలను చూసి బ్యాండువాళ్లనుకున్న పెళ్లివారు అందరికీ కడుపునిండా భోజనం పెట్టారు. అంత గొప్ప మేళా మళ్లీ జరగలేదు.

దానికి నెక్కొండ నుంచి మౌనిక వచ్చింది. టైలరింగ్ చేసే తల్లి ప్రమీలతో కలిసి, తనకిష్టమైన బొమ్మల యోధురాలి వేషం తయారుచేసుకుంది. నీలం రంగు పొడవాటి కోటు, థర్మాకోల్ కవచం, పాత ఎన్నికల ఫ్లెక్సీ కత్తిరించి చేసిన రెక్కలు. (తెల్లవైపు బయటికి. గాలి గట్టిగా వీస్తే ఓడిపోయిన అభ్యర్థి దండం పెడుతూ కనిపిస్తాడు.) ఆ రెక్కలు విప్పుకుని వేదిక మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి, తల్లి కింద కూర్చుని చూడాలి. మౌనిక కోరిక ఇంతే. కానీ ఆ ఏడు వేదికే లేదు. బల్లల మధ్య రెక్కలు విప్పితే సాంబారు బకెట్ ఒరిగింది.

"వచ్చే ఏడు స్టేజీ పెడ్తం మౌనికా, ఫికర్ చెయ్యకు," అన్నాడు అభిషేక్.

పెట్టాడు. కొంప మునిగింది అక్కడే. వేదిక అన్నాక కుర్చీలు వేయకపోవడం మర్యాద కాదని హాలు యజమాని సుందర్ రావు చెప్పారు. వేసిన కుర్చీలను ఖాళీగా ఉంచడం ఇంకా మర్యాద కాదు కనుక, ముఖ్య అతిథిగా ఆయనే కూర్చున్నారు. ఒక్కరే ఉంటే బోసిగా ఉందని విశిష్ట అతిథిని పిలిచారు. వాళ్లిద్దరికీ మాటల్లేవని తేలాక మధ్యలో గౌరవ అతిథిని కూర్చోబెట్టారు. వేషాల పోటీ వందన సమర్పణ తరువాత అన్నారు. వందన సమర్పణ ముగిసేసరికి నెక్కొండ బండి వెళ్లిపోయేలా ఉందని తల్లీకూతుళ్లు రెక్కలు చుట్టుకుని స్టేషనుకు పరుగెత్తారు.

మరుసటి ఏడు వేదిక మర్యాదల ఉపసంఘం ఏర్పడి నిబంధనలు రాసింది. ప్రతి అతిథికీ ఒక శాలువా కప్పాలి. కప్పినవారికి, కప్పినందుకు, ఇంకొకటి కప్పాలి. పేర్లు చదవడంలో వరుస తప్పితే మళ్లీ మొదటి నుంచి చదవాలి. పిల్లలు ఫోన్లు చూడరాదని వక్తలందరూ చెప్పాలి. (చెప్పారు. ఒకాయన ఫోన్లో చూసి చెప్పారు.) అభిమానులు మెల్లగా జారుకున్నారు. మిగిలినవారైనా నిలవాలని ఉపసంఘం వాళ్లందరినీ సభ్యులుగా చేర్చుకుని, బ్యాడ్జీలు పెట్టి, వేదిక మీదికి పిలిచింది. దాంతో హాలు పూర్తిగా ఖాళీ అయింది.

"పోటీ ముంగట పెడ్దాం సార్, పోరగాళ్లు పోతాండ్రు," అని అభిషేక్ అంతకుముందే అన్నాడు.

"పోనియ్యి బిడ్డా," అన్నారు సుందర్ రావు శాంతంగా. "పెద్దమనుషులం ఉన్నం గదా."

ఈ ఏడాదిది మౌనికకు ఆఖరి అవకాశం. హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. వచ్చేనెల చేరాలి, మేళా జరిగే ఆదివారాలు సెలవుండదు.

"ఈసారన్న పిలుస్తరా కొడుకా?" అని ప్రమీల అభిషేక్‌ను అడిగింది. "రెక్కలు నలుగుతయని మా పిల్ల పొద్దటి సంది కూసోలే."

"పక్కా పిలుస్తం ఆంటీ. పోటీల ఇంకెవ్వలు లేరు. ఫస్టు ప్రైజు మనదే."

నిజంగానే మైకులో మౌనిక పేరు వినిపించింది. ఆమె రెక్కలు విప్పుకుని మెట్లెక్కింది. ప్రమీల ఫోను పైకెత్తింది. ఉపసంఘం వారు మౌనిక చేతిలో శాలువాల పళ్లెం పెట్టారు. పళ్లెం పట్టడానికి సభ్యులెవరూ మిగల్లేదు, అందరూ కప్పించుకునేవారే. ఆమె ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది, ప్రతి కుర్చీ దగ్గరా ఆగుతూ. రెక్కలు అతిథులకు అడ్డొస్తున్నాయని ఫొటోగ్రాఫర్ "జర వంగమ్మా" అన్నాడు. వంగింది. కింద నుంచి ప్రమీలకు కూతురి ముఖం కనిపించలేదు. ఇది రాస్తుంటే ఈ వ్యాసకర్తకు ఒళ్లు మండుతోంది కానీ, నిబంధనల్లో దానికి వీలు లేదు.

తరువాత పోటీ ఫలితం ప్రకటించారు. పళ్లెం పట్టినవారు కార్యకర్తలు కాబట్టి పోటీకి అనర్హులు. మెడలో గజమాల, తలమీద పాగా, భుజాల మీద పర్వతంలా శాలువాలతో లేవలేక కూర్చున్న సుందర్ రావు గారికి ఉత్తమ వేషధారణ బహుమతి ఏకగ్రీవంగా దక్కింది. మౌనిక దాన్ని పళ్లెంలో తెచ్చి ఇచ్చింది.

"రెక్కలు మంచిగున్నయి బిడ్డా," అని ఆయన మెచ్చుకున్నారు.

కింద ప్రమీల ఒక్కతే మిగిలి ఉన్నందున, గట్టిగా చప్పట్లు కొట్టవలసిందిగా మైకులో ఆమెను కోరారు.