పదకొండు మూటలు, ఒక స్టీలు డబ్బా

నవ్వబోమని మాటిస్తేనే చెబుతాను. మీ మొహాలు చూస్తే నమ్మకం కలగడం లేదు. అయినా చెబుతాను, కడుపులో దాచుకుంటే అరగడం లేదు.

నేను ముప్ఫై నాలుగేళ్లు రికార్డు రూములో పనిచేసి రిటైరైనవాణ్ని. ఎర్ర ట్యాగు ఫైలు ఎర్రవాటితో, పచ్చది పచ్చవాటితో. ఆఫీసులో నన్ను 'సర్దుళ్ల కిషన్ రావు' అనేవారు. అలాంటివాడి ఇంట్లో, ఈ చిక్కడపల్లిలో, గాలీ వెలుతురూ వచ్చే ఒకే ఒక్క గది మా ఆవిడ మహేశ్వరి బొంతల పాలైంది.

పాత బట్టల ముక్కలు కలిపి బొంతలు కుడుతుంది. కుట్టుకోనీ, కాదనను. కానీ కుర్చీ మీద ముక్కలు, మిషను కింద ముక్కలు, కిటికీ ఊచల్లో ముక్కలు. ఒకరోజు నా ఉప్మాలో చెమ్కీ వచ్చింది.

"కిటికీ కాడ కుర్చీ ఏసుకోని పేపర్ చదువుకుంట," అన్నాను.

"జాగ యాడుంది?"

"సర్దితే వస్తది."

"నువ్వు సర్దితే ఉన్నది గూడ పోతది," అనేసి గురువారం దారం ఉండల కోసం కోఠికి వెళ్లింది. తలుపు పడగానే నేను లుంగీ ఎగగట్టాను.

గోడ వారన పదకొండు మూటలు. విప్పితే, రామ రామ, ఒక్కో మూటలో అన్ని రంగులూ కలిసే ఉన్నాయి! ఇన్నేళ్లు నాతో కాపురం చేసి ఇదా నేర్చుకున్నది అని జాలేసింది. పది మూటలు విప్పి, ఎర్రవి ఒక అట్టపెట్టెలో, పచ్చవి ఒకదాంట్లో, నీలివి ఇంకోదాంట్లో వేసి మార్కరుతో పేర్లు రాశాను. పూలూ చుక్కలూ ఉన్నవి ఏ రంగుకూ లొంగలేదు. వాటికి 'ఇతరములు' అని ఇంకో పెట్టె. ఏ ఆఫీసునైనా నడిపేది ఆ పెట్టే.

పదకొండోది తెల్లగుడ్డ మూట. సందులోంచి వెలిసిపోయిన చీర అంచు కనబడుతోంది. విప్పబుద్ధి కూడా కాలేదు. సరిగ్గా అప్పుడే కింద "పాత బట్టలకు స్టీల్ సామాన్!" అని సందుసందూ తిరిగే పెంటమ్మ కేక వినిపించింది. దేవుడే పంపాడనుకుని మూటతో దిగాను.

"గిదొక్కటైతే డబ్బాకు సాలదు సారూ," అంది పెంటమ్మ, మూట ముడిని అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"ఇంకేం గావాలె?"

"ప్యాంటన్న ఎయ్యి."

నా బూడిద రంగు ప్యాంటు తెచ్చి వేశాను. మూత గట్టిగా పట్టే డబ్బా వచ్చింది. మా వంశంలో బేరం గెలిచిన మొదటివాణ్ని నేనే అనుకుంటూ మెట్లెక్కాను.

నాలుగింటికి మహేశ్వరి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. అరవలేదు. నాకు భయం వేసింది అక్కడే.

"మూటలేవి?"

"రంగుల వారీగ సర్దిన."

"ఒక్కో మూట ఒక్కో ఇల్లయ్యా! వాళ్లమ్మ చీరెలు, వాళ్ల నాయిన అంగీలు. ఎవరి బొంత వాళ్ల బట్టలతోనే కుట్టాలె. పది ఇండ్లను కలగల్పినవ్ గద!" అని గది అంతా చూసింది. "తెల్ల మూటేది?"

డబ్బా చూపించాను.

"అది లక్ష్మయ్యది," అంది మెల్లగా. మా సందు మొదట్లో ఇస్త్రీ బండి లక్ష్మయ్య. నిరుడు భార్య పోయింది. "ఆదివారం మనుమరాలి తొట్టెల పండుగ. అమ్మమ్మ చీరెల బొంత మీద పండవెట్టాలని ఆమెవి మూడు చీరెలు ఇచ్చిండు. కోసే చీరెలని తెల్సి గూడ ఇస్త్రీ చేసి ఇచ్చిండు."

ఒక కాలికి నా చెప్పు, ఇంకో కాలికి ఆవిడ చెప్పు తొడిగి పరుగెత్తాను.

నారాయణగూడ దాకా ఉరికాను, లేదు. అశోక్‌నగర్‌లో టీ కొట్టు ముందు సర్కారు పరీక్షలకు చదివే పిల్లలు నలుగురు నిలబడి ఉన్నారు. పెంటమ్మను చూశారా అని అడిగాను. ఒకడు లైబ్రరీ దిక్కు అన్నాడు. ఇంకొకడు పార్కు దిక్కు అన్నాడు. మూడోవాడు "రెండూ కరెక్టే అంకుల్" అన్నాడు. నాలుగోవాడు గడ్డం గోక్కుని, బాగా ఆలోచించి, "పైవేవీ కావు" అన్నాడు.

లక్ష్మయ్యకు ఏ మొహం చూపించను? రెండు గంటలు తిరిగి, ఇస్త్రీ బండి ఉన్న సందు మొదలు తప్పించి, చుట్టుతోవన ఇల్లు చేరాను.

గదిలో పెంటమ్మ కూర్చుని సాసర్లో టీ తాగుతోంది. ఆమె పక్కనే తెల్ల మూట!

"ముడి సూడంగనే సమజైంది సారూ. గిట్ల రెండు మెలికలేసి కట్టేది మా అక్కొక్కతే. గల్లీ మలుపు తిరిగి ఫోన్ గొట్టిన," అంది పెంటమ్మ, మహేశ్వరిని చూపిస్తూ.

మహేశ్వరి వైపు తిరిగాను. "అంటే ఇంటికొచ్చేసరికే నీకు ఎరుకనా? మరి నన్నెందుకు ఉరికిచ్చినవ్?"

"కలగల్పినవన్ని మళ్ల ఏరాలె గద. నువ్వింట్ల ఉంటే సాయం జేస్త అంటవ్."

అప్పుడు చూశాను. గోడ వారన మూటలన్నీ యథాస్థానంలో ఉన్నాయి. 'ఇతరములు' పెట్టెలో చారెడు ముక్కలే మిగిలాయి.

"ఏది ఎవరిదో ఎట్ల తెల్సింది? రాసి పెట్టుకున్నవా?"

నవ్వి కళ్లు మూసుకుని చెయ్యి చాపింది. ఒక ముక్క పెట్టాను.

"సుబ్బులు గారిది. వంట జేసుకుంట కొంగుకు చెయ్యి తుడుస్తది, గీడ నూలు పల్చబడ్డది."

ఇంకోటి పెట్టాను.

"రోజా బడి గౌను. జేబు చిరిగితే వాళ్లమ్మ నల్ల దారంతోని కుట్టింది."

తిప్పి చూశాను. నల్ల దారమే. నేను రిజిస్టరు చూడకుండా ఒక్క ఫైలు తీసిన పాపాన పోలేదు. ఈవిడకు చిక్కడపల్లి ఇళ్లన్నీ వేళ్ల కొసల మీద ఉన్నాయి! ఆ గది చిందరవందరగా ఉందని ఇన్నాళ్లూ సణిగానే, నాకు చదవడం రాలేదంతే.

ముక్కను పెట్టెలో వేసి పెంటమ్మను అడిగాను. "మరి నా ప్యాంటు?"

"బేరం బేరమే సారూ," అని టీ పూర్తిచేసింది.

శుక్రవారం, శనివారం కిటికీ దగ్గర కుర్చీ నాకే దక్కింది, సూదుల్లో దారం ఎక్కించడానికి. ఫ్యాను వేయనివ్వలేదు, ముక్కలు ఎగిరిపోతాయట. చేసిన పాపం కడుక్కోవాలని శనివారం సాయంత్రం బతిమాలి, లక్ష్మయ్య బొంతకు అంచున ఒక్క వరస నేను కుట్టాను. మూడుసార్లు వేలికి గుచ్చుకుంది. అయినా వదల్లేదు.

ఆదివారం లక్ష్మయ్య బొంతను తొట్టెలో పరిచాడు. ఒక వెలిసిన ముక్క మీద అరచెయ్యి ఆనించి, ఇస్త్రీ చేస్తున్నట్టు మెల్లగా నిమిరి, అక్కడే పాప తల ఉండేట్టు పడుకోబెట్టాడు. పాప నిద్రపోయింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ముక్కు తుడుచుకుని, నా వరస ఎక్కడుందా అని అంచులన్నీ వెతికాను. అన్ని వరసలూ గీత గీసినట్టు ఉన్నాయి.

"మహేశ్వరీ, నేను కుట్టింది ఏది?" గొంతు తగ్గించి అడిగాను.

"పొద్దుగాల్నే విప్పి మళ్ల కుట్టిన," అంది, తొట్టె ఊపుతూ. "పాపకు ఒత్తుకుంటది."