తొమ్మిదో అంకె

ఆ రోజు పొద్దున్న బస్సు దిగేటప్పటికే థెరపిస్టు మనసులో పని వరుస ఖాయం చేసుకుంది. పదింటిలోపు పిచ్చుక కాలికి ఊతంగా కట్టే పట్టీకి కొత్త బెల్టు బిగించాలి. పదింటికి పిచ్చుకను బల్ల దగ్గర నిలబెట్టాలి. పన్నెండులోపు ఆ పిల్ల చేత బల్ల వదిలించాలి.

పిచ్చుక అంటే నాలుగేళ్ల పిల్ల. కాళ్లలో ఎంత బలం తక్కువో నోట్లో అంత బలం ఎక్కువ. ఎనిమిది నెలలుగా ఆసుపత్రి పిల్లల విభాగానికి వస్తోంది. కిందటి వారం ఒంటి చేత్తో బల్ల పట్టుకుని నిలబడింది. ఇక ఆ రెండో చెయ్యి వదలడమే తరువాయి. వాళ్లమ్మ తను బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు కాళ్లావేళ్లా పడి పన్నెండు వరకూ అనుమతి తెచ్చుకుంది. ఇవాళ తప్పితే మళ్లీ వచ్చే నెలే.

గదిలో అడుగు పెట్టేసరికి ఒక పెద్దమనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. మెడలో స్టాప్‌వాచీ, చేతిలో అట్ట, అట్ట మీద కాగితాల బొత్తి. ఆయన పక్కన మాటలమ్మ మొహం మాడ్చుకుని కూర్చుంది. పిల్లలకు మాటలు నేర్పే ఆ థెరపిస్టును తల్లులంతా అలాగే పిలుస్తారు. ఆవిడ నోట మాట రాలేదంటే విషయం చిన్నది కాదన్నమాట.

"ప్రధాన కార్యాలయం నుంచి వచ్చానమ్మా. థెరపిస్టులు డ్యూటీలో ఏం చేస్తున్నారో చూసి రమ్మన్నారు. పది నిమిషాలకోసారి మీరు చేసిన పనిని ఈ కాగితంలో వెయ్యాలి. మాటలొద్దు, అంకెలు చాలు."

కాగితం చూసింది. ఒకటి అంటే చికిత్స, రెండు రాతపని, మూడు సమావేశం, నాలుగు వార్డుల మధ్య నడక. ఆ తర్వాత అయిదూ ఆరూ లేవు, ఒక్క గెంతులో తొమ్మిది వచ్చేసింది. దాని ఎదురుగా 'పై వాటిలో దేనికీ చెందనివి' అని ఉంది.

"కాలిపట్టీకి బెల్టు బిగించడం ఏ అంకెండీ?"

"పిల్ల కాలికి బిగిస్తున్నారా?"

"పిల్ల ఇంకా రాలేదు. వచ్చేలోపు సిద్ధం చెయ్యాలి కదా!"

"అయితే చికిత్స కాదు. తొమ్మిది వేసెయ్యండి."

"నిన్న పిల్లలు నోట్లో పెట్టుకున్న బంతులు కడగడం?"

"తొమ్మిది."

"రెండు వారాలుగా రాని పిల్ల వాళ్లమ్మకి ఫోన్ చేసి, మానెయ్యకమ్మా అని బతిమాలడం?"

ఆయన కాగితం మీద వేలు పైనుంచి కిందికి నడిపాడు. "అదీ తొమ్మిదేనమ్మా."

థెరపిస్టు పళ్లు బిగించి తొమ్మిదులు వేసుకుంటూ పోయింది. అటు మాటలమ్మ, అన్నం మింగలేని పసివాడి గొంతు మీద వేళ్లు ఆనించి, మింగుతున్నాడో లేదో పావుగంటసేపు ఊపిరి బిగబట్టి గమనించింది. "ఊరికే కూర్చున్నట్టున్నారు" అన్నాడాయన. ఆవిడకూ ఒక తొమ్మిది పడింది.

పదింటికి పిచ్చుక వచ్చింది. థెరపిస్టు పిల్లను బల్ల పక్కన నిలబెట్టి, తను నేల మీద మోకాళ్లపై కూర్చుని సబ్బు బుడగలు ఊదడం మొదలుపెట్టింది. కీచుమని స్టాప్‌వాచీ మోగింది. పిచ్చుక కిలకిలా నవ్వి బుడగల సంగతే మరిచిపోయింది.

"ఏం చేస్తున్నారమ్మా?"

"బుడగలు ఊదుతున్నానండీ."

"కనిపిస్తూనే ఉంది. చికిత్స ఎప్పుడు మొదలవుతుందీ అని."

"ఇదే చికిత్స. బుడగ పగలగొట్టాలంటే పిల్ల బల్ల మీంచి చెయ్యి తియ్యాలి. చెయ్యి తీస్తే బరువు కాళ్ల మీద పడుతుంది. నిలబడమ్మా అని గంటసేపు ఉపన్యాసం ఇస్తే నాలుగేళ్ల పిల్ల నిలబడుతుందా?"

ఆయన అట్ట మీద 'ఆట' అని రాసుకున్నాడు. "ఆటకి అంకె లేదమ్మా. మీరు తొమ్మిది వేసెయ్యండి."

వాదించడానికి ఇంకో పది నిమిషాలు పడుతుంది. బుడగకు అంతసేపు ఆగే ఓపిక ఉండదు. తొమ్మిది వేసి మళ్లీ ఊదింది. మళ్లీ కీచుమంది. పిచ్చుక మళ్లీ స్టాప్‌వాచీ వైపు తిరిగింది. ఇలా మూడుసార్లయ్యాక ఆఫీసు గుమస్తా వచ్చి, నింపినంత వరకు కాగితాలు పట్టుకుపోయాడు. పావుగంట తిరక్కుండానే ఇద్దరు థెరపిస్టులకూ సూపరింటెండెంటు గదికి రమ్మని పిలుపు వచ్చింది.

"నేను రెండు నిమిషాల్లో వచ్చేస్తా. నువ్వు వెనకాలే చేతులు అడ్డం పెట్టుకుని ఉండు, పట్టుకోకు" అని తల్లికి చెప్పి థెరపిస్టు పరుగెత్తింది. పెద్దమనిషి మాత్రం కదల్లేదు. మనుషులున్నా లేకపోయినా గదిని పరిశీలించాలని ఆయనకు ఉత్తర్వు.

సూపరింటెండెంటు కాగితాలు రెండూ బల్ల మీద పరిచాడు. "రెండు గంటల్లో గంటన్నర ఖాళీ! ఈవిడ గంటా ఇరవై నిమిషాలు ఖాళీ! ఏంటమ్మా ఇది?"

"ఖాళీయా?" థెరపిస్టుకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవరండీ ఖాళీ? పొద్దుటి నుంచీ గుక్కెడు నీళ్లు తాగలేదు నేను."

"తొమ్మిదంటే ఖాళీ సమయం. మా దగ్గరున్న పట్టికలో అలాగే ఉంది. రాసింది మీరే కదా!"

"మాకిచ్చిన కాగితంలో అలా లేదు!"

"ఎలా ఉన్నా మీ చేత్తో మీరు రాసిందే. వివరణ ఇవ్వండి. రాతపూర్వకంగా, పది నిమిషాల చొప్పున."

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు, ఆయన అక్కడితో ఆగలేదు. ఖాళీ మనుషులున్నారు కాబట్టి సోమవారం నుంచి ఇద్దరూ రోజుకో పూట రికార్డుల సెక్షన్‌కు వెళ్లాలట. ఖాళీ మనుషులున్న గది కూడా ఖాళీయే కాబట్టి, అందులో సగం పాత ఫైళ్లకు కేటాయించాలట. ఉత్తర్వు అప్పటికే టైపు అవుతోంది.

"బంతులు కడక్కపోతే పిల్లలకి జబ్బులొస్తాయి. తల్లికి ఫోన్ చెయ్యకపోతే ఆ పిల్ల మంచానికే అంటుకుపోతుంది. వీటికి మీ దగ్గర అంకె లేకపోతే అది నా తప్పా? అక్కడ ఒక పిల్ల బల్ల పట్టుకుని నిలబడి ఉంది సార్! వాళ్లమ్మకి పన్నెండు దాకే టైముంది!"

"అయితే త్వరగా రాసెయ్యండి" అన్నాడాయన, కలం అందిస్తూ.

రాసింది. మూడు పేజీలు, కాగితం చిరిగేటంత ఒత్తి రాసింది. ముగించేసరికి పన్నెండుకు పది నిమిషాలు తక్కువ; మాటలమ్మ ఇంకా రాస్తూనే ఉంది. ఇంతసేపూ పిల్ల నిలబడి ఉంటుందా? తల్లి చంకనేసుకుని వెళ్లిపోయే ఉంటుంది. వరండాలో నడుస్తుంటే కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. గది గుమ్మంలో టక్కున ఆగిపోయింది.

లోపల పెద్దమనిషి వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. మెడలో స్టాప్‌వాచీని రెండు చేతులా దాచుకుంటున్నాడు. "వద్దు పాపా, ఇది ఆఫీసుది. అడగకూడదు. ఇదిగో అమ్మా, మీ పిల్లని పట్టుకోండి!"

తల్లి పట్టుకోలేదు. వెనకాల చేతులు చాపి, నోరు తెరుచుకుని వంగి నడుస్తోంది. ఆ చేతుల ముందు, దేన్నీ పట్టుకోకుండా, రెండు చేతులూ స్టాప్‌వాచీ వైపు చాపి, పిచ్చుక. ఒక అడుగు. ఊగింది, నిలదొక్కుకుంది. రెండో అడుగు. "ఇయ్యి తాతా!" మూడో అడుగు. ఆయన వీపు గోడకు తగిలింది. నాలుగో అడుగుకు పిల్ల ఆయన మోకాళ్లను వాటేసుకుంది.

తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. థెరపిస్టు గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"ఏమైందమ్మా? నేనేం చెయ్యలేదు. పొద్దుటి నుంచీ అదే అడుగుతోంది, ఇవ్వకూడదని దూరంగా జరిగానంతే" అన్నాడాయన కంగారుగా.

"ఆ పిల్ల పుట్టాక వేసిన మొదటి అడుగులు అవేనండీ."

ఆయన కిందికి చూశాడు. స్టాప్‌వాచీ తీసి పిల్ల చేతికిచ్చాడు. తర్వాత అట్ట తీసుకుని, 'ఆట' అని రాసిన చోటల్లా కొట్టేసి, ఒక్కొక్క దాని మీద 'చికిత్స' అని రాశాడు. "బంతులు ఎంతసేపు కడిగారమ్మా?" అని అడిగి అదీ దిద్దాడు. "ఇరవై రెండేళ్లుగా పరిశీలిస్తున్నా. ఏం పరిశీలించానో ఏమో!" అని నిట్టూర్చాడు.

గోడ గడియారం చూసి తల్లి హడావిడిగా చెప్పులు వెతుక్కుంది. "వెళ్లాలక్కా. ఆలస్యమైతే మానెయ్యమంటారు."

"ఫ్యాక్టరీ నంబరు చెప్పమ్మా" అన్నాడు పెద్దమనిషి. అవతల ఎవరో పలకగానే ఆయన గొంతు మారిపోయింది. "ప్రధాన కార్యాలయం నుంచి మాట్లాడుతున్నాం. మీ ఉద్యోగిని ఇక్కడ అత్యవసర పనిలో ఉన్నారు. సాయంత్రం వరకు పంపడం కుదరదు. మీ పేరు చెప్పండి, రాసుకుంటాను." అవతలి మనిషి పేరు చెప్పకుండానే ఒప్పేసుకున్నాడు. ఏ ప్రధాన కార్యాలయమని కూడా అడగలేదు.

ఆ వెంటనే సూపరింటెండెంటు స్వయంగా ఉత్తర్వు పట్టుకుని దిగాడు. పెద్దమనిషి అట్ట ఆయన చేతిలో పెట్టాడు. "ఈ గదిలో ఇవాళ ఖాళీగా ఉన్నది నేనొక్కణ్ణే సార్. నివేదికలో అదే రాస్తున్నాను. మీరు వీళ్లను పిలిపించుకోవడం వల్ల పోయిన గంట కూడా రాస్తున్నాను. దాని ఎదురుగా మీ పేరు కూడా ఉంటుంది."

సూపరింటెండెంటు అట్ట వైపు చూశాడు. స్టాప్‌వాచీని చెవి దగ్గర పెట్టుకుని కేరింతలు కొడుతున్న పిల్ల వైపు చూశాడు. ఉత్తర్వును నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "టైపు తప్పులున్నాయి" అని గొణిగి వెళ్లిపోయాడు.

"ఇప్పుడు మొదలుపెడదామా?" అంటూ థెరపిస్టు నేల మీద కూర్చుంది. కళ్లు తుడుచుకుని బుడగల సీసా మూత తీసింది. పెద్దమనిషి కూడా బూట్లు విప్పి, పిల్లకు ఎదురుగా చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

మూడు గంటలకు, కాళ్లు తిమ్మిరెక్కిన ఆయన్ను లేపి నిలబెట్టడానికి ఇద్దరు థెరపిస్టులూ, పిల్ల తల్లీ కలిసి పట్టుకోవాల్సి వచ్చింది.