హాల్వర్ తుమ్ము తీసేశారు

పిల్లల కథల్లోంచి అబద్ధాలు ఏరిపారేయడానికి మా టామరాక్ ఫాల్స్‌లో ఒక కమిటీ వెలిసింది. మిన్నెసోటా మొత్తంలో ఇంత మంచి పని ఇంతవరకు జరగలేదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలను!

లేకపోతే ఏమిటండీ ఆ కథలు? చెట్లు కొట్టే భారీ హాల్వర్ అరవై అడుగుల పొడుగట. ఆయన తుమ్మితే మా చెరువు ఎగిరి పక్క కౌంటీలో పడిందట, షెరీఫ్ వెళ్లి బతిమాలి తీసుకొచ్చాడట. ఆయన ఆరేసిన మేజోడులో ఒక కుటుంబం చలికాలమంతా కాపురం చేసిందట. ఇవి విని పెరిగినందుకే కదా మా తరం ఇలా తగలడింది!

కమిటీ అధ్యక్షుడు గన్నర్ స్టెన్‌రూడ్. ఊళ్లో కోతమిల్లు ఆయనదే కాబట్టి కోయడం ఆయనకు కొత్త కాదు. ముందు హాల్వర్‌ని ఆరడుగులకు కోశాడు. జలుబు చేసిన పిల్లలు నొచ్చుకుంటారని తుమ్ము తీసేశాడు. పదునుంటుందని గొడ్డలి లాగేసుకున్నాడు. చివరికి మిగిలిన కథ ఇది: "హాల్వర్ అనే ఆయన ఉండేవారు. వేళకు భోంచేసేవారు." ఎంత హాయి! పిల్లలు రెండో వాక్యానికే నిద్రపోతారు.

లైబ్రరీలో ఆ కొత్త కథ చదివి వినిపించిన రోజు మా మనవరాలు రాగ్నా మాత్రం నిద్రపోలేదు.

"ఇక్కడి పైన్ చెట్లన్నీ ఒక్క చలికాలంలో హాల్వరే కొట్టేశాడన్నారుగా?" అని అడిగింది.

"అది అబద్ధం తల్లీ," అన్నాడు స్టెన్‌రూడ్.

"అయితే ఎవరు కొట్టేశారు?"

"ఎవరని చెప్తాం? అలా అలా పోయాయి."

"నడుచుకుంటూనా?"

హాలంతా నవ్వింది. ఆయన వెనక గోడ మీద, చేతిలో రంపం పట్టుకున్న ఆయన తాతగారి పటం ఉంది. తాతగారు మాత్రం నవ్వలేదు.

మర్నాడే కమిటీ మళ్లీ కూర్చుంది. జానపద సంపదను కాపాడుకోవాలని తీర్మానించింది. హాల్వర్‌కు అరవై అడుగులూ తిరిగొచ్చాయి, గొడ్డలీ వచ్చింది. పాపం, తుమ్ము ఒక్కటే రాలేదు.

హాల్వర్ తిరిగి రావడం మన మంచికేనండీ. ఊళ్లో మిగిలింది బడి వెనక పైన్ తోపు ఒక్కటే. పార్కింగ్ కోసం సోమవారం దాన్ని కొట్టేస్తారట. మిల్లు వాళ్లు చెట్లకు నారింజ రంగు గుర్తులు కూడా పెట్టి వెళ్లారు. అయినా రేపు వీటిని ఎవరు కొట్టారని ఎవరైనా అడిగితే చెప్పడానికి హాల్వర్ ఉండనే ఉన్నాడు.

"తాతా, సోమవారం పొద్దున్నే వెళ్లి ఆ చెట్ల కింద కూర్చుందాం," అంది రాగ్నా. "అంత పెద్దాయన వస్తుంటే చూడొద్దూ?"

నేను వెళ్తున్నాను. మీరూ కుర్చీలు తెచ్చుకుని రండి. గొడ్డలితో వచ్చేది అరవై అడుగులవాడో ఆరడుగులవాడో దగ్గరుండి కొలుద్దాం.