మొదట వచ్చినవారికే తెరుచుకున్న సాకెట్

ఆ ఉదయం కొత్తమ్మాయి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆఫీసులో తన ప్రోగ్రాం చూపించాలి, మేనేజరు చేత శభాష్ అనిపించుకోవాలి, తాత్కాలిక ఉద్యోగాన్ని పర్మనెంటు చేయించుకుని ఇంటికి వెళ్లాలి. కంప్యూటరు గదిలోకి చెప్పులు విప్పి వెళ్లే రోజులవి. ఆ గది చలి, వేడెక్కిన మానిటర్ల వాసన తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ప్రాణం లేచివస్తుంది.

ఎవరి సీట్లో వాళ్లు కూర్చుని తమ గోడు టైపు చేస్తే, అది తిన్నగా మేనేజరు తెర మీద పడాలి. అదీ ప్రోగ్రాం. "నా తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి" అని ఆయన మీటింగులో మాట ఇచ్చేశారు మరి.

అకౌంటెంటు "నమస్కారం" అని కొట్టాడు. పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. తరవాత టైపిస్టు కొట్టింది. పడలేదు.

"వైరు లూజయ్యుంటుంది" అంటూ స్టోర్సు బాబు ప్రోగ్రాం నడిచే కంప్యూటరు వైరును ఒక్క లాగు లాగాడు. ప్లగ్గు ఊడివచ్చింది. మళ్లీ పెడితే కంప్యూటరు లేచింది, ప్రోగ్రాం దానంతటదే మొదలైంది, టైపిస్టు నమస్కారం వెళ్లిపోయింది.

"చూశారా, నా చెయ్యి పడితే అంతే!" అన్నాడు స్టోర్సు బాబు. ఆయన సొంత నమస్కారం మాత్రం ఎంత కొట్టినా వెళ్లలేదు.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచారు. అతను మెయిన్ స్విచ్చి ఆపి మళ్లీ వేశాడు. స్టోర్సు బాబుది వెళ్లింది. ఇక రహస్యం తెలిసిపోయినట్టే. మెయిన్ దగ్గర జనం మూగారు.

"అన్నా, ఒక్కసారి ఆపి వెయ్యవా, నా సెలవు సంగతి చెప్పుకోవాలి!"

"ఆగండమ్మా, ముందు ఆయన వచ్చాడు."

మెయిన్ ఆపినప్పుడల్లా లిఫ్టులో ఇరుక్కున్న ఆడిటరు గారి కేకలు వినిపించాయి. "ఆ అమ్మాయిని సాయంత్రం నా గదికి రమ్మనండి" అన్నారు మేనేజరు. ఉద్యోగం ఊడినట్టేనని కొత్తమ్మాయికి కళ్లనీళ్లు తిరిగాయి.

కళ్లు తుడుచుకుని మళ్లీ తన ప్రోగ్రాం చదువుకుంది. ఎవరైనా రాగానే "యాక్సెప్ట్", అంటే లోపలికి రానివ్వు, అని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగితే, ఆ వచ్చిన మనిషితో మాట్లాడటానికి విడిగా ఒక కొత్త సాకెట్, అంటే లోపలి గది తలుపు లాంటిది, ఇస్తుంది. మాటలయ్యాక మూయవలసింది దాన్ని. ఈవిడ మూసింది అందరూ వచ్చే మొదటి సాకెట్‌ను, అంటే వీధి తలుపును. మొదటి మనిషి వెళ్లగానే ఇల్లంతా మూసేసినట్టయింది. ఎంత సిగ్గేసినా నవ్వు ఆగలేదు. ఒక్క మాట మార్చి ప్రోగ్రాంను మళ్లీ నడిపించింది.

అందరి మాటలూ ఒక్కసారే లోపలికి వచ్చిపడ్డాయి. సెలవులు, జీతాల పెంపు, తిరగని ఫ్యాను, కారే కుళాయి, ఒకరి మీద ఒకరి చాడీలు. మేనేజరు తెర ఆగకుండా పరుగెత్తింది. సాయంత్రం దాకా ఆగకుండా ఆయన అప్పుడే కబురు పెట్టారు.

"ఏం చేశావమ్మా?"

"తప్పు సరిదిద్దాను సార్. ఇప్పుడు ఎంతమందైనా రావచ్చు."

ఆయన తలుపు మూసి గొంతు తగ్గించారు. "పొద్దుటి తప్పు మళ్లీ పెట్టగలవా?"

కొత్తమ్మాయి మూసిన తలుపు వంక చూసింది. "పెట్టగలను సార్. కానీ అలాంటి తప్పును కనిపెట్టుకుని ఉండటానికి ఎప్పుడూ ఒక మనిషి కావాలి."

"పర్మనెంటుగానా?"

"పర్మనెంటుగానే సార్."

ఆ తరవాత రిటైరయ్యేదాకా ఆమె సరైన ప్రోగ్రాములు చాలా రాసింది గానీ, ఒక్కదానికీ ఆ తప్పుకు దక్కినంత గౌరవం దక్కలేదు.