యస్నా పాయ్‌నెమాల్ దశాంశ విజయము

ఆండీస్ పర్వతరాజము తన హిమకిరీటమును వేసవి యెండలకు కరగనిచ్చి బోడితలతో నిలిచిన మార్చి మాసమున, శాంటియాగో మహాపట్టణపు తూర్పు దిక్కున, గగనచుంబి గాజుగోపుర పంక్తుల నడుమ, లోకమున కెల్ల వడ్డీ లెక్కలు కట్టు మహామహులు తొలి కాఫీ సేవించు శుభవేళ, దక్షిణపు కొసనున్న పుయెంతె ఆల్తో బీదపేట నుండి మెట్రో రైలున నిలుచుండియే వచ్చిన వీరాంగన యొకతె, పెట్టుబడుల సంస్థలో ఉద్యోగార్థినియై పద్దెనిమిదవ అంతస్తు నధిరోహించెను. ఆమె పేరు యస్నా పాయ్‌నెమాల్. మేనత్త కూతురి కోటు ఆమె కవచము. దాని చేతులు కొంచెము పొడుగు. ఏడింటికి ఆరు పాయింట్ మూడు సగటు ఆమె ఖడ్గము. మా దేశమున ఏడు వచ్చినవాడు దేవుడు, నాలుగు వచ్చినవాడు పాసు. ఆరు పాయింట్ మూడనగా, ఐదేండ్లు ఒక్క పార్టీకైనను పోని పిల్ల యని యర్థము.

అట్టి ఖడ్గము ఇప్పటికి నాలుగు కార్యాలయములలో ఒక్క ప్రశ్న తగిలి ముక్కలయ్యెను. పట్టా చూచి, సగటు చూచి, యూనివర్సిటీ పేరు చూచి, తుదకు మా దేశమువారు అడుగునది చిన్ననాటి బడి పేరే. అది తెలిసిన చాలు, నీ తండ్రి యెవరో, నీ యిల్లెక్కడో, సెలవులకు ఏ సముద్రతీరమునకు పోదువో అన్నియు తేలిపోవును. ఏం మనుషులమో మేము!

ఆ యుదయమున రొట్టెపై అవకాడో గుజ్జు పూయుచు తల్లి దోన్యా నెల్దా యుద్ధనీతి నుపదేశించెను.

"ఒసేయ్, స్కూలు పేరు చెప్పి ఆగవే! ఏ పేటలోదని వాళ్ళు అడిగారా? నీకెందుకే అంత నోటి దురద?"

"అది అబద్ధం కాదా అమ్మా?"

"అబద్ధమేంటే? నువ్వు చదివింది సెయింట్ ఓస్బర్ట్ కాదూ?"

నిజమే. మా పేటలలో బడికి ఇంగ్లీషు సాధువు పేరు పెట్టనిదే పిల్లలు చేరరు. యస్నా చదివిన సెయింట్ ఓస్బర్టునకు కింద కోడి వేపుడు కొట్టు, పైన తరగతులు. అదే పేరిట కొండవాలున మరొకటి కలదు. దానికి గుర్రపుశాలయు, రగ్బీ మైదానమును, మంత్రులైన పూర్వవిద్యార్థులును కలరు.

సంస్థాధిపతి యైన డాన్ బల్తసార్ ఎచెగొయెన్ ఆమె పత్రము తిరగవేసెను.

"కూర్చోండి సెన్యొరీత. ఆరు పాయింట్ మూడు... బాగుంది. కాకపోతే మేం మామూలుగా ఆ రెండు పెద్ద యూనివర్సిటీల వాళ్ళనే తీసుకుంటాం. మీదేమో... ఊఁ." అని నిట్టూర్చి బ్రహ్మాస్త్రమును సంధించెను. "ఏ స్కూలు?"

"సెయింట్ ఓస్బర్ట్," అని యస్నా ఆగెను.

డాన్ బల్తసార్ కుర్చీలోనుండి ఎగిరి లేచెను. "ఏయ్, మన ఓస్బర్టా! ముందే చెప్పొద్దూ! ఏ బ్యాచ్ నువ్వు? ముసలి పెర్కిన్స్ ఇంకా చెవులు మెలేస్తున్నాడా?"

ఆహా! రెప్పపాటులో 'మీరు' పోయి 'నువ్వు' వెలసెను. ఆ 'నువ్వు' వారి కోట తలుపు, లోపలివారికే తెరుచుకొనును. ఇక అవునన్న చాలు, ఉద్యోగము ఒడిలో పడును. అప్పుడు యస్నా తన నాలుక నుద్దేశించి మనమున నిట్లు గర్జించెను: "ఓసి జిహ్వా! నాలుగు సంగ్రామముల నోడించితివి, ఈ యైదవదానినైన గెలువనిమ్ము! కాని రేపు పెర్కిన్స్ దొర ముక్కెట్లుండునని యడిగిన నేమందువు? ఎల్లుండి రగ్బీ యన్న నేమందువు? ఎన్నడును చూడని గుర్రములను బ్రతుకంతయు తలచుకొని మురియుదువా?"

పైకి మాత్ర మిట్లనెను:

"ఆ ఓస్బర్ట్ కాదు సార్. పుయెంతె ఆల్తోది. కింద కోడి వేపుడు కొట్టు, పైన మేం. లెక్కల పీరియడ్‌లో ఆ వాసనకి ఆకలేసి చచ్చేవాళ్ళం."

"ఓ... అలాగా. క్షమించండి."

కోట తలుపు దభాలున మూసుకొనెను. యస్నాకు ఏడుపు వచ్చెను, మింగుకొనెను. డాన్ బల్తసార్ చెడ్డవాడు కాడు, సిగ్గుపడినవాడు. ఆమె పత్రమును మరల తిరగవేయుచు అనెను:

"ఏమైనా ఆరు పాయింట్ మూడంటే మాటలా అండీ! నేనైతే అలాంటి మార్కులు కళ్ళతో చూళ్ళేదు."

"పట్టా పరీక్షలో మీకెంత వచ్చింది సార్?" అని యస్నా నోరు జారెను.

ఆయన తలుపు వంక చూచి గొంతు తగ్గించెను. "నాలుగు."

"నాలుగు పాయింట్ ఎంత సార్?"

"పాయింటూ లేదు, ఏమీ లేదు. అసలు మూడు పాయింట్ తొంభై ఐదు. పైకి సవరించారు."

మా విద్యార్థికోటి కొలుచు దేవత ఈ సవరణయే. దశాంశపు తోక సగమునకు చేరిన చాలు, పై యంకెకు ఎత్తివేయుదురు. ఎందరి పట్టాలు ఆ తల్లి చలువయో! ఇరువురును ఒకరి ముఖ మొకరు చూచుకొని పక్కున నవ్విరి.

"చూడండి," అనెను డాన్ బల్తసార్ కన్నులు తుడుచుకొనుచు, "పెద్ద పోస్టులన్నీ అయిపోయాయి. ఒక సగం పూట ఉద్యోగం ఉంది. కాఫీ మిషన్ పక్కన బల్ల. మీకిష్టమైతే..."

"సగమా సార్?"

"సగమే."

"సగం వస్తే పైకి సవరించాలి కదా సార్. మీకు చేశారుగా!"

డాన్ బల్తసార్ మరల పక్కున నవ్వెను. "ఏం నోరు తల్లీ నీది! సరే, పూర్తి పూటే. సోమవారం తొమ్మిదికి రా."

వింటిరా జనులారా! 'రండి' కాదు, 'రా'! ఆ దినమున గాజుగోపురములు కూలలేదు. ఆ రెండు యూనివర్సిటీల ధ్వజములు వంగలేదు. కొండవాలు గుర్రములకు చీమ కుట్టినట్టయినను లేదు. కూలినది ఒక్క 'ండి' మాత్రమే. అయినను సోమవారమున, తొమ్మిది గంటలకు, కోడి వేపుడు కొట్టు మీది ఓస్బర్టు పుత్రిక కాఫీ యంత్రము పక్కనున్న సింహాసనమున పట్టాభిషిక్త యాయెను. అందరికంటె దగ్గరగా నుండుటచే, తొలి కప్పు ఆమెకే దక్కెను.