ముందు చెయ్యి, తర్వాతే చదువు

ఒక పెద్ద అడవిలో, వాగు గట్టున ఒక చిన్న బడి ఉండేది. బడి గుమ్మంలోంచి చూస్తే వాగు కనిపిస్తుంది. పిల్లలు మాత్రం అటు చూడకూడదు. వాగుకి వీపు పెట్టి కూర్చుని, "వాగులో నీరుండును, నీటిలో చేపలుండును" అని వల్లెవేయాలి.

ఆ పిల్లల్లో గవ్వ ఒకతి. ఏటమ్మ అనే నీటికుక్క కూతురు.

నీటికుక్క పిల్లలకి పుట్టుకతో ఈత రాదు. ఎవరో ఒకరు నేర్పాలి. ఏటమ్మ పెద్దపిల్లాణ్ణి నిరుడు తొలకరి వరద తీసుకుపోయింది. అప్పట్నుంచి నీళ్లలో కూతుర్ని వదలాలంటే ఆవిడకి ధైర్యం చాలేది కాదు. బడిలో అయితే నేర్పేవాళ్లుంటారు కదా అని చేర్చింది. వానలకి ముందు గవ్వకి ఈత రావాలి. ఆవిడకి ఇంకే కోరికా లేదు.

ఒకరోజు రాజుగారు పెద్దపులి అటుగా వెళ్తూ బడిలోకి తొంగిచూశాడు. కడుపు నిండి ఉంది కాబట్టి ప్రశాంతంగా ఉన్నాడు. పిల్లల వల్లెవేత కాసేపు విని ఆవలించాడు.

"ఇదేం చదువు కొంగమ్మా? చిన్నపిల్లలకి ముందు చెయ్యి, తర్వాతే చదువు" అని వెళ్లిపోయాడు.

కొంగ పంతులమ్మ ఆ మాట మోసుకుని పరుగెత్తింది. విద్యాశాఖ కార్యదర్శి నక్క ఆ సాయంత్రమే సభ పెట్టాడు.

"రాజుగారు చెయ్యి అన్నారు. అంటే ఏమిటి?"

"చేయించమనేమో అయ్యా" అంది వెనక నుంచి ఏటమ్మ. "పిల్లల చేత పనులు చేయిస్తే చదువు అదే వస్తుందని."

నక్క జాలిగా నవ్వాడు. "చేయమనే అయితే ఏం చేయాలో చెప్పేవారు కదమ్మా! చెప్పలేదు. కాబట్టి ఇది క్రియ కాదు, నామవాచకం. చెయ్యి అంటే హస్తం. ముందు హస్తం, తర్వాత చదువు. మన పిల్లల్లో ఎంతమందికి హస్తాలున్నాయి?"

సభ అంతా తమ పంజాలూ గిట్టలూ రెక్కలూ చూసుకుంది. సిగ్గుపడింది.

"పోనీ ఒకసారి రాజుగారినే అడిగితే?" అంది ఏటమ్మ.

రాజుని రెండోసారి అడిగే ఆచారం ఆ అడవిలో లేదు. అడగడానికి వెళ్లినవాళ్లు జవాబుతో తిరిగొచ్చిన దాఖలా కూడా లేదు.

చేతుల విషయంలో అనుభవం ఉన్నది కోతి ఒక్కడికే కాబట్టి పని కోతికే దక్కింది. చండ్ర కర్రతో చేతులు చెక్కించాడు. "ఇంత బరువేమిటయ్యా?" అని అడిగితే, "నాణ్యత!" అన్నాడు.

ఏనుగు మాత్రం ఒప్పుకోలేదు. "మా తొండమే మాకు చెయ్యి. హస్తి అన్న పేరు ఊరికే వచ్చిందా?" అంది. ఏనుగు పిల్లలకి మినహాయింపు ఇచ్చారు. పెద్దింటి పిల్లలు కదా.

మిగతా అందరికీ ముందుకాళ్ల మీద చెక్కచేతులు పెట్టి తీగలతో బిగించి కట్టారు. పాముపిల్లకి ఎక్కడ కట్టాలో తెలియక మెడకి కట్టారు. గిజిగాడి పిల్ల అంతకుముందు పాఠం మధ్యలో దొంగచాటుగా గడ్డిపోచలు అల్లుకునేది. ఇప్పుడు రెక్క ఆడించలేక బుద్ధిగా కూర్చుంది. "చూశారా మార్పు!" అన్నాడు నక్క.

పాఠం చాలా సులువు. కొంగ పంతులమ్మ "చెయ్యి!" అంటే అందరూ చెక్కచేతులు పైకెత్తాలి. "దించు!" అంటే దించాలి. ఇంటి దగ్గర కూడా తీగలు విప్పకూడదు. విప్పితే అలవాటు తప్పుతుంది.

గవ్వ ఇంటికొచ్చి చేపని పట్టుకోబోతే చెక్కచెయ్యి టక్కున రాయికి కొట్టుకునేది. ఏటమ్మే తినిపించేది.

మబ్బులు కమ్ముతుంటే ఏటమ్మ బడికి వెళ్లింది.

"పంతులమ్మగారూ, మా గవ్వకి ఈత ఎప్పుడండీ?"

"ఈతా? అది మూడో తరగతిలో. ముందు చెయ్యి పూర్తవాలి కదా ఏటమ్మా."

"వాన ఆగదు కదండీ."

పక్కనే ఉన్న నక్క అందుకున్నాడు. "చేతుల్లేకుండా ఈదేవి చేపలమ్మా! చదువుకునే పిల్లని చేపని చేస్తావా?"

ఏటమ్మ ఇంటిదారి పట్టింది. చదువుకున్నవాళ్లతో ఏం మాట్లాడుతుంది?

తొలకరి రానే వచ్చింది. అదే రోజు రాజుగారి తనిఖీ. పిల్లల్ని వాగు గట్టు మీద వరసగా నిలబెట్టారు. నక్క తను కూడా రెండు చెక్కచేతులు కట్టుకుని నమస్కారం పెట్టాడు. చెక్కకి చెక్క తగిలి టపీమంది.

పెద్దపులి కళ్లు చిట్లించాడు. "ఈ కొయ్యలేమిటి?"

"తమరి ఆజ్ఞే ప్రభూ. ముందు చెయ్యి అన్నారు."

పులికి తను అన్నది గుర్తొచ్చింది. ఏ ఉద్దేశంతో అన్నాడో కూడా గుర్తొచ్చింది. చుట్టూ చూశాడు. అడవి అంతా తనవైపే చూస్తోంది. రాజు మాటకి అర్థం తప్పిందంటే తప్పు ఎవరిది అవుతుంది?

"అవును, అదే అన్నాను" అన్నాడు.

అంతలో ఎగువ నుంచి ఎర్రనీళ్లు వచ్చాయి. తడిసిన గట్టు పెళ్లగా విరిగింది. దానితోపాటు చివర నిలబడ్డ నక్కా, గవ్వా వాగులో పడ్డారు.

"చెయ్యి! ఎవరైనా ఏదైనా చెయ్యండి!" నక్క అరుస్తున్నాడు. "చెయ్యి!"

గట్టు మీది పిల్లలందరూ ఒక్కసారిగా చెక్కచేతులు పైకెత్తారు.

"క్రమశిక్షణ బాగుంది" అన్నాడు పులి.

ఏటమ్మ అప్పటికే నీళ్లలో ఉంది. చండ్ర కర్ర బరువుకి గవ్వ రాయిలా అడుక్కి పోతోంది. ఏటమ్మ మునిగి, ఒక తీగ కొరికింది. ఊడలేదు. మళ్లీ కొరికింది. ఒక చెయ్యి ఊడింది, రెండోది ఊడింది. కూతుర్ని మెడ పట్టి పైకి తెచ్చింది.

వరద రెండు ప్రాణాల్ని కలిపి లాగుతోంది. పట్టుకుని ఉంటే ఇద్దరూ ఒడ్డు చేరరు. ఆవిడకి తెలుసు. కొడుకునీ ఇలాగే పట్టుకుంది, ఆఖరిదాకా వదల్లేదు.

"కాళ్లు ఆడించవే" అంది. "నేనిక్కడే ఉన్నా."

వదిలేసింది.

గవ్వ మునిగింది. నీళ్లు మింగింది. ఉక్కిరిబిక్కిరై కాళ్లు ఆడించింది. వంకరగా, అడ్డదిడ్డంగా ఆడించింది. తల పైకొచ్చింది. మళ్లీ మునిగి, మళ్లీ పైకొచ్చింది. ఏటమ్మ ఊపిరి బిగబట్టి పక్కనే ఈదింది. దిగువ ఇసుకదిబ్బ దగ్గర ఇద్దరూ గట్టెక్కారు. అక్కడ కూలబడి ఏటమ్మ కూతురి తల నిమురుతూనే ఉంది.

నక్క కూడా బతికాడు. కొట్టుకుపోతుంటే అతని చెక్కచెయ్యి ఒకటి మద్దిచెట్టు వేళ్లలో ఇరుక్కుంది. వరద తీసేదాకా దానికే వేలాడాడు. మర్నాడు సభలో ఆ చెయ్యి ఎత్తి చూపించాడు. "చేతులే నన్ను కాపాడాయి! ఈ పథకం లేకపోతే ఈ కార్యదర్శి లేడు." పిల్లకి నాలుగేసి చేతులు ఇవ్వాలని తీర్మానించారు. కోతికి సన్మానం జరిగింది.

కొన్నాళ్లకి కొంగ పంతులమ్మ ఏటమ్మ ఇంటికొచ్చింది. నొచ్చుకుంటూనే చెప్పింది.

"గవ్వ రెండు చేతులూ వాగులో పోగొట్టింది కదా. చెయ్యి రాని పిల్లని రెండో తరగతిలో కూర్చోబెట్టలేమమ్మా. చదువులో వెనకబడినట్టే రాశారు."

వాగు మధ్యలో గవ్వ బుడుంగున మునిగి, నోట చేపతో తేలింది.

"అలాగేనండి" అంది ఏటమ్మ. "దానికి ఇప్పుడు తీరిక కూడా లేదు."

నీతి: పిల్లలు మునిగినా మునగొచ్చు గానీ, పథకం మాత్రం ఎప్పుడూ తేలుతుంది.