నీడలో నిలిపిన బండిల్లు

"ఈ క్షణం నుంచి మా దంపతులకు కరెంటు ఆఫీసుతో సర్వ సంబంధాలూ తెగిపోయాయి!"

వీధి గుమ్మంలో నిలబడి ఇలా ప్రకటించారు హెడ్డుగారు. రిటైరైన హెడ్ క్లర్కు గనుక ఆయన మంచినీళ్లు అడిగినా ఉత్తర్వులాగే ఉంటుంది. పక్కనే కొత్త బండిల్లు. అంటే మంచం, పొయ్యి, బుల్లి ఫ్రిజ్ ఇమిడిన వ్యాను. పైకప్పు మీద సోలార్ పలక, మంచం కింద బ్యాటరీ. పలక మీద ఎండ పడుతుంది, బ్యాటరీ నిండుతుంది, ఫ్యాను తిరుగుతుంది. ఇక మనిషి ఎవరికీ తలవంచనక్కర్లేదట!

సంబంధాలు తెగిన ఆ కరెంటు ఆఫీసులోనే ఆయన బావమరిది ఇంజనీరు.

"మబ్బు పట్టిందనుకోండి బావగారూ?" అన్నాడతను నవ్వు దాచుకుంటూ.

"మబ్బులతో మేం ఉత్తరప్రత్యుత్తరాలు జరుపుకుంటాంలే. నువ్వు అడ్డు లే!"

ఆయన భార్య మాత్రం చేతులు కట్టుకుని నిలబడింది. "చూడండీ, ఈ వారం రోజుల టూరులో ఎవరి ప్లగ్గూ ముట్టకుండా ఉన్నారా, సరే. ముట్టారో, తిరిగొచ్చిన మర్నాడే ఈ బండి అమ్మేయాలి. తమ్ముడే సాక్షి."

ఆ బండంటే హెడ్డుగారికి ప్రాణం. రోజూ పొద్దున్నే దాని అద్దాలు తుడుస్తూ దానితో కబుర్లు కూడా చెప్పేవారు. అయినా మీసం మెలేసి, "ఓస్, ఇంతేనా!" అన్నారు.

రిజర్వాయరు పక్క మైదానం చేరగానే ఆయన చేసిన మొదటి పని, అక్కడున్న వాటిల్లో దట్టమైన చెట్టు వెతికి దాని కింద బండి నిలపడం. అందులో ఆయన తప్పేం లేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆఫీసు ఆవరణలో ఉన్న ఒకే ఒక్క చెట్టు నీడ కోసం క్యాషియరుతో యుద్ధం చేసిన మనిషి. ఇక్కడ ఇంత నీడ, పోటీకి నరమానవుడు లేడు! ఆనందంతో ఆయన కళ్లు చెమర్చాయి. బండి మీద పలక ఒకటుందనీ, దానికి కావలసింది ఎండ అనీ, మర్నాడు ఫ్యాను నీరసించి ఆగిపోయేదాకా ఆయనకి తట్టలేదు.

"ఏమండీ, ఇదేనా విముక్తి?"

"బ్యాటరీ సెలవులో ఉంది. రేపు డ్యూటీలో చేరుతుంది."

బండిని ఎండలోకి మార్చారు. బ్యాటరీ కాస్త కోలుకుంది గానీ బండి పెనంలా కాలిపోయింది. లోపల కూర్చోవాలంటే ఫ్యాను కావాలి. ఫ్యాను తిరిగితే వచ్చిన కరెంటు వచ్చినట్టే ఖర్చు. ఎండలో ఉంటే కరెంటుంటుంది, మనుషులుండరు. నీడలో ఉంటే మనుషులుంటారు, కరెంటుండదు! హెడ్డుగారు వెంటనే నోటితోనే సర్క్యులర్ జారీ చేశారు. "ఫ్యాను మెలకువగా ఉన్నవారికి మాత్రమే. ఫ్రిజ్ తలుపు ముందస్తు అనుమతితో తెరవవలెను. తక్షణం అమలు!" అదీ చాలలేదు. ఇంజను నడిపితే బ్యాటరీకి కొంత ఎక్కుతుందని గుర్తొచ్చి, ప్రకృతి ఒడిలో డీజిలు పొగ వదులుతూ పూటంతా కూర్చున్నారు. అడిగితే ఇంజను ఆరోగ్యం కోసమన్నారు.

ఆశ్చర్యమేమిటంటే ఆవిడ దేనికీ ఎదురు చెప్పలేదు. రోజూ మధ్యాహ్నం "అలా గాలికి నడిచొస్తా"నని వెళ్లి, సాయంత్రం మొహం కళకళలాడుతూ తిరిగొచ్చేది. "అబ్బ, గాలి ఎంత చల్లగా ఉందో!" అనేది. ఇల్లాలు ఇంత తొందరగా ప్రకృతికి అలవాటు పడినందుకు హెడ్డుగారికి గర్వంగానూ ఉంది, కాస్త కుళ్లుగానూ ఉంది.

అంతలో నిజంగానే మబ్బు పట్టింది. డీజిలు అడుగంటింది. ఫ్రిజ్‌లో పాలు విరిగాయి. ఆవిడ నడకకి వెళ్లగానే హెడ్డుగారు చక్రాల సూట్‌కేసులోని బట్టలు మంచం మీద గుమ్మరించారు. బ్యాటరీనీ చార్జరునీ అందులో దాచి, దొంగలా అటూ ఇటూ చూసి, రోడ్డవతలి గెస్ట్‌హౌసుకి ఈడ్చుకెళ్లారు.

"రూము ఖాళీ లేదండీ," అన్నాడు వాచ్‌మన్.

"రూమెందుకయ్యా! ఒక్క ప్లగ్గు చాలు. అత్యవసరం."

"ప్లగ్గు ఆ ఏసీ గదిలోనే పనిచేస్తుందండీ. అందులో ఒకమ్మగారున్నారు, రోజూ మధ్యాహ్నం వస్తారు. మంచావిడే, అడిగి చూడండి."

తలుపు తట్టారు. తెరుచుకోగానే చల్లటి గాలి మొహానికి కొట్టింది. ఆ గాలి వెనకాల, చార్జింగు వైరు వేలాడుతున్న ఫోనుతో, తన భార్య!

"సూట్‌కేసుతో ఎక్కడికండీ? నన్నొదిలేసి పోతున్నారా?" అంది ఆవిడ.

"ఛఛ! బ్యాటరీ," అన్నారు హెడ్డుగారు. సమయానికి అబద్ధం దొరక్క నిజమే చెప్పేశారు. "మరి నీకు ఈ గది ఎలా దొరికింది?"

"తమ్ముడు ముందే మాట్లాడి పెట్టాడు. మీకు చెప్పొద్దన్నాడు."

గోడ మీది అద్దంలో హెడ్డుగారు తనను తాను చూసుకున్నారు. చెమటతో తడిసి, సూట్‌కేసు పట్టుకుని, ప్లగ్గు కోసం గుమ్మంలో నిలబడ్డ విముక్తుడు! "ఇలాంటి వెధవ మా ఆఫీసులో ఉంటే నేనే మెమో ఇచ్చేవాణ్ణి," అనుకుంటే నవ్వాగలేదు. అంతలోనే బండి గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

"బండి... అమ్మేయాల్సిందేనంటావా?"

"అమ్మితే ఎందుకమ్మారని నలుగురూ అడగరూ?" ఆవిడ తన ఫోను పీకి ప్లగ్గు ఖాళీ చేసింది. "ముందు తలుపేయండి, చల్లదనమంతా పోతోంది!"

వారం గడిచాక ఇంటికి రాగానే బావమరిది ఎదురొచ్చాడు. చుట్టుపక్కల వాళ్లూ మూగారు.

"ఏం బావగారూ, ప్లగ్గు ముట్టారా?"

"ఒక్క యూనిట్ కూడా ముట్టలేదు!" అన్నారు దంపతులిద్దరూ ఒకే గొంతుతో. సాక్షి గంభీరంగా తలూపాడు.

"అయితే మా ఆఫీసులో పొదుపు సభకి మీరే రావాలి. కరెంటు లేకుండా బతకడమెలాగో మా వాళ్లకి చెప్పాలి."

హెడ్డుగారు గొంతు సవరించుకునేలోగా ఆవిడ ముందుకొచ్చింది.

"నేనూ మాట్లాడతాన్రా తమ్ముడూ. హాల్లో ఏసీ పనిచేస్తుంది కదా?"